భయపడ్డ ఎలుక రోగి కాదు

"ఎలుకల్లో భయం జ్ఞాపకాన్ని చెరిపేశారు" అన్న వార్త ఏదో ఒక రూపంలో ప్రతి ఏడాదీ పేపర్లో కనబడుతుంది. చివరి వాక్యం కూడా పెద్దగా మారదు: పీటీఎస్‌డీతో (ఘోరమైన సంఘటన తర్వాత వదలకుండా వెంటాడే మానసిక జబ్బుతో) బాధపడేవాళ్లకు త్వరలో మందు దొరుకుతుందని పరిశోధకుల ఆశ. అది కనబడిన పూట మా చుట్టాల్లో ఎవరో ఒకరు దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపిస్తారు. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో నా పని అదే మరి. ఎలుకలకు ఒక శబ్దం వినిపించడం, షాక్ ఇవ్వడం, మర్నాడు వాటి వీడియోలు చూస్తూ అవి ఎన్ని సెకన్లు కదలకుండా ఉన్నాయో లెక్కపెట్టడం. మా పిన్ని మొహం మీదే అడిగింది, "ఎలుకల్ని భయపెట్టడానికి కూడా జీతం ఇస్తారటే?" అని.

ఇస్తారు. ఇవ్వాలి కూడా అంటాను. ఆ పనివల్ల మనుషులకు ఒరిగిందేమీ లేదనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అంతకన్నా పెద్ద పేచీ, భయపడ్డ ప్రతి ఎలుకకూ పీటీఎస్‌డీ అంటగట్టి పరిశోధన పేపర్లు రాసేవాళ్లతో. భయం నేర్చుకోవడం వేరు, భయంతో జబ్బు పడటం వేరు. మొదటిదాని గురించి ఎలుకలు చెప్పినంత వివరంగా ఇంకెవరూ మనకు చెప్పలేదు. రెండోదాని గురించి మనం వాటిని సరిగా అడిగింది చాలా తక్కువ.

ప్రయోగం చెప్పుకుంటే చాలా చిన్నది. అట్టపెట్టెంత గది, కింద నేలకు బదులు వరసగా స్టీలు ఊచలు. ఎలుకను అందులో వదిలి రెండు మూడు నిమిషాలు దాని మానాన దాన్ని తిరగనిస్తారు. అప్పుడు ఒక శబ్దం, సాధారణంగా అర నిమిషం పాటు. ఆ శబ్దం ముగిసే క్షణంలో ఊచల్లోంచి చిన్న కరెంటు షాక్, సెకనుకు అటూ ఇటూ. ఇలా కొన్నిసార్లు చేస్తారు. మర్నాడు షాక్ ఉండదు, శబ్దం ఒక్కటే. ఎలుక బిగుసుకుపోతుంది. ఊపిరి తీసే కదలిక తప్ప ఒంట్లో ఏదీ కదలదు, మీసాలు కూడా ఆడవు. దీన్నే ఫ్రీజింగ్ అంటారు. పిల్లి కంటపడకుండా ఉండాలంటే ఎలుక చేయగలిగిన తెలివైన పని అదే. 1969లో రాబర్ట్, కారొలైన్ బ్లాంచర్డ్ దంపతులు ఎలుక ఇలా ముడుచుకుని కదలకుండా ఉండిపోవడాన్ని జాగ్రత్తగా నమోదు చేశాక, భయాన్ని సెకన్లలో కొలిచే దారి దొరికింది. మొదట్లో స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టేవారు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుంది. నేను చూసినంతలో సాఫ్ట్‌వేర్ కునుకు తీస్తున్న ఎలుకను కూడా భయపడ్డ ఎలుక కిందే కట్టేది. అందుకని మళ్లీ మనిషి కూర్చుని చూడాల్సి వచ్చేది.

(చరిత్రలో ఇది తిరగబడి మొదలైంది. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ జాన్స్ హాప్కిన్స్‌లో పదకొండు నెలల పసివాడికి తెల్ల ఎలుకను చూపించి, వాడు దాన్ని తాకబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనప కమ్మీ మీద సుత్తితో మోగించారు. కొన్నిసార్లయ్యాక ఎలుక కనబడితేనే వాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ దానికి సంతకం పెట్టదు. ఎలుకతో పిల్లవాణ్ని భయపెట్టిన ఆ శాస్త్రమే తర్వాత వందేళ్లుగా ఎలుకల్ని భయపెడుతూ వచ్చింది.)

ఇంత చిన్న ప్రయోగంలో ఉన్న బలం ఏమిటంటే, ఎలుక మెదడులో ఏ దారి తెగితే ఏ పాఠం పోతుందో ఒక్కొక్కటిగా చూడొచ్చు. 1980ల్లో, 90ల్లో అమెరికా మెదడు శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ బృందం శబ్దం వెళ్లే దారిని అలాగే పట్టుకుంది: చెవి నుంచి మెదడు లోపలి థాలమస్‌కు, అక్కడి నుంచి బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలాకు. శబ్దమూ షాకూ అక్కడ కలుసుకుంటాయి, ఆ కలయికను దాచుకునేదీ అదే చోటు. దీనికి మనిషిలో సాక్ష్యం 1995లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. తెర మీద ఫలానా రంగు కనబడగానే చెవులు అదిరే హారన్ మోగిస్తే, మామూలు మనుషులకు ఆ తర్వాత ఆ రంగు చూస్తేనే అరచేతులు చెమర్చాయి. అమిగ్డలా రెండు వైపులా దెబ్బతిన్న రోగి మాత్రం "ఆ రంగు వస్తే హారన్ మోగుతుంది" అని నోటితో చెప్పగలిగింది గానీ చెయ్యి చెమర్చలేదు. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఇంకో రోగిది సరిగ్గా తలకిందులు వ్యవహారం. ఏ రంగుకు మోత వచ్చిందో చెప్పలేడు, చెయ్యి మాత్రం చెమరుస్తుంది. ఎలుకలో గీసిన పటం మనిషిలో అంత కచ్చితంగా సరిపోవడం మెదడు శాస్త్రంలో తరచూ జరిగేది కాదు. ఎలుకలతో పని వ్యర్థమనేవాళ్లు ఈ ఒక్క సంగతి చదివి, ఆ తర్వాత మాట్లాడాలి.

అయితే ఆ పెట్టెలోని ఎలుకకు జబ్బు ఏమిటి? ఏమీ లేదు. శబ్దం తర్వాత షాక్ వస్తుందని నేర్చుకుని, మర్నాడు శబ్దం వినగానే జాగ్రత్తపడిన ఎలుక పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు. నేర్చుకోని ఎలుకకే ఏదో లోపం ఉన్నట్టు. ఆక్సిడెంట్ అయిన వారం పాటు లారీ హారన్ వింటే ఉలిక్కిపడే మనిషి కూడా అంతే. అలా ఉలిక్కిపడటం జబ్బయితే లోకంలో జబ్బు లేనివాళ్లు దొరకరు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జబ్బుల పుస్తకంలో పీటీఎస్‌డీని చేర్చినప్పుడు, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల ఒత్తిడి కూడా దాని వెనక ఉంది. అంత ఘోరం చూస్తే ఎవరైనా ఇలాగే అవుతారన్నది అప్పటి ఆలోచన. 1995లో వచ్చిన అమెరికా జాతీయ సర్వే ఆ ఆలోచనను కదిలించింది. మగవాళ్లలో 61 శాతం, ఆడవాళ్లలో 51 శాతం జీవితంలో ఒక్కసారైనా ఘోరమైన అనుభవం చూసినవాళ్లే. పీటీఎస్‌డీ వచ్చింది మగవాళ్లలో 5 శాతానికి, ఆడవాళ్లలో 10.4 శాతానికి. అంటే ఎక్కువ మంది భయపడి, కొన్నాళ్లు నిద్ర లేక, తర్వాత మెల్లగా కోలుకుంటారు. కొద్దిమంది కోలుకోరు. జబ్బు ఎక్కడుందో వెతకాలంటే ఆ కోలుకోనివాళ్ల దగ్గర వెతకాలి.

మన పరిశోధన పేపర్లలో గ్రాఫులన్నీ సగటులు. పన్నెండు ఎలుకలకు షాక్ ఇచ్చాం, పన్నెండింటికి ఇవ్వలేదు, ఈ సగటుకూ ఆ సగటుకూ తేడా ఉంది, కాబట్టి ఇది పీటీఎస్‌డీ నమూనా, అంటే ఆ జబ్బును ఎలుకలో అనుకరించిన రూపం. ఆ పన్నెండులో రెండు మూడు మిగతావాటిలా కాకుండా వారం తర్వాత కూడా అలాగే బిగుసుకుపోతుంటే, అవి సగటును చెడగొడుతున్నాయని విసుక్కుంటాం. నిజానికి ప్రయోగం మొత్తంలో జబ్బు గురించి ఏమైనా చెప్పగలిగినవి ఆ రెండు మూడే.

ఈ మాటను గట్టిగా పట్టుకున్నవాళ్లలో ఇజ్రాయెల్‌లోని బీర్‌షెబాలో పనిచేసే హగిత్ కోహెన్ ఒకరు. ఆమె పద్ధతిలో కరెంటు లేదు. పిల్లి వాడిన మట్టి మీద ఎలుకను పది నిమిషాలు ఉంచుతారు. పుట్టినప్పటి నుంచి పిల్లిని చూడని ల్యాబ్ ఎలుక కూడా ఆ వాసనకు వణికిపోతుంది. వారం ఆగి, రెండు పరీక్షలు పెడతారు. ఒకటి నేలకు ఎత్తులో ఉండే ప్లస్ గుర్తు ఆకారపు దారి. దానికి గోడలున్న కొమ్మలు రెండు, గోడల్లేనివి రెండు. బెదిరిన ఎలుక గోడలున్న వైపే అతుక్కుని ఉంటుంది. రెండోది పెద్ద శబ్దానికి ఎంత ఉలిక్కిపడుతుంది, ఎన్నిసార్లు విన్నా అలవాటు పడుతుందా లేదా అని. రెండింటిలోనూ హద్దు దాటినవాటినే బాగా దెబ్బతిన్నవిగా లెక్కిస్తారు. అన్నీ ఒకే వాసన పీల్చినా సుమారు నాలుగో వంతు మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి, మిగతావి తేరుకుంటాయి. మనుషుల్లో కనబడే తీరుకు ఇది ఎంతో దగ్గర. ఒకే గదిలో, ఒకే తిండి తిని, అన్నదమ్ముల్లా పెరిగిన ఎలుకల్లో ఒకటి ఎందుకు తేరుకుంది, ఇంకొకటి ఎందుకు తేరుకోలేదు అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఇలాంటి ప్రశ్న కోసం ఎలుకను బాధపెట్టడానికి నేను ఒప్పుకుంటాను.

తేరుకోవడం అంటే ఏమిటో కూడా ఎలుకలే నేర్పాయి. శబ్దాన్ని షాక్ లేకుండా పదేపదే వినిపిస్తే ఫ్రీజింగ్ తగ్గిపోతుంది. దీన్ని ఎక్స్‌టింక్షన్ అంటారు. పాత భయం చెరిగిపోయిందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కానీ కొన్ని వారాలు ఊరుకుని మళ్లీ వినిపిస్తే భయం తిరిగొస్తుందని పావ్‌లోవ్ కాలం నుంచే తెలుసు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో మార్క్ బౌటన్ దీన్నే దశాబ్దాల పాటు తవ్వాడు. ఒక పెట్టెలో భయం నేర్పి, ఇంకో పెట్టెలో ఆ భయం పోగొట్టి, మళ్లీ మొదటి పెట్టెలో పెడితే భయం పూర్తిగా వచ్చేస్తుంది. మేం కూడా పెట్టె మార్చడానికి వాసన మార్చేవాళ్లం, ఒకదాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఇంకోదాన్ని వెనిగర్ నీళ్లతో తుడిచి. ఆ మాత్రం తేడా ఎలుకకు చాలు. గోడ మీది పాత రాతపై సున్నం కొట్టినట్టు, పాత పాఠం అడుగున అలాగే ఉంటుంది. "ఇక్కడ ప్రమాదం లేదు" అన్న కొత్త పాఠం దాని మీద పడుతుంది, అదీ నేర్చుకున్న చోటుకే అంటిపెట్టుకుని ఉంటుంది.

థెరపిస్టులకు ఇది పుస్తకాల్లోనే ఉండిపోయే సంగతి కాదు. భయపడే విషయాన్ని సురక్షితమైన చోట మెల్లగా ఎదుర్కొనేలా చేసే ఎక్స్‌పోజర్ థెరపీ ఈ ఎలుకల లెక్కల కన్నా ముందే ఉంది. పీటీఎస్‌డీకి దాన్ని మలిచిన ఎడ్నా ఫోవా పేరు ఈ రంగంలో అందరికీ తెలుసు. థెరపిస్టు గదిలో బాగైన మనిషి ఇంటికెళ్లాక, లేదా ఆ సంఘటన జరిగిన రోడ్డు మీదికెళ్లాక ఎందుకు మళ్లీ మొదటికొస్తాడో అర్థమయ్యేలా చెప్పింది మాత్రం ఎలుక. లాస్ ఏంజెలెస్‌లో మిషెల్ క్రాస్క్ లాంటివాళ్లు దాన్ని తీసుకుని, ఒకే గదిలో కాకుండా వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో ఎక్స్‌పోజర్ చేయించాలని, సెషన్‌లో భయం ఎంత తగ్గిందన్నదాని కన్నా రోగి కొత్తగా ఏం నేర్చుకున్నాడన్నది చూడాలని పద్ధతి మార్చారు. ప్యూర్టోరికోలో గ్రెగరీ క్వర్క్, మొహమ్మద్ మిలాద్ 2002లో ఎలుక నుదుటి వెనక భాగంలో చిన్న ముక్క ఒకటి ఆ కొత్త పాఠాన్ని మర్నాడు గుర్తుచేస్తుందని చూపించారు. తర్వాత మిలాదే పీటీఎస్‌డీ రోగుల్లో చూస్తే, వాళ్లు మొదటి రోజు భయం పోగొట్టుకోవడంలో వెనకబడలేదు. రెండో రోజు ఆ పాఠాన్ని గుర్తు తెచ్చుకోవడంలో వెనకబడ్డారు. పేపర్లో పెద్ద హెడ్డింగ్ రానిది ఇలాంటి సంగతే. ఇందులో మాత్ర లేదు కదా.

మాత్రల కథ వేరు. మందులకు లొంగని టీబీకి మన దగ్గర వాడే సైక్లోసెరిన్ గురించి టీబీ వార్డుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. అది మెదడులో నేర్చుకునే ప్రక్రియకు కీలకమైన ఒక రిసెప్టర్ (కణం మీద రసాయన సంకేతాన్ని అందుకునే భాగం) మీద కూడా పనిచేస్తుంది. 2002లో అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మైకేల్ డేవిస్ బృందం దాన్ని ఎలుకలకు ఇస్తే ఎక్స్‌టింక్షన్ త్వరగా పట్టుబడింది. రెండేళ్లకే, ఎత్తు ప్రదేశాలంటే భయపడే 28 మందికి కళ్లజోడు లాంటి తెరలో గాజు లిఫ్ట్ ఎక్కించి థెరపీ చేస్తూ ఈ మాత్ర ఇస్తే, మాత్ర వేసుకున్నవాళ్లు త్వరగా కోలుకున్నారు. నేను చదివినవాటిలో ల్యాబ్ నుంచి క్లినిక్‌కు ఇంత సూటిగా నడిచిన దారి ఇంకోటి లేదు. 2012లో ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల్లో పీటీఎస్‌డీ థెరపీతో పాటు ఇదే మాత్ర ఇచ్చి చూశారు. మాత్ర వేసుకున్నవాళ్లు మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా తక్కువ బాగయ్యారు. దీనికి చెప్పే కారణాల్లో ఒకటి నాకు సబబుగా తోస్తుంది. ఈ మందు ఏ పాఠం నడుస్తుంటే ఆ పాఠాన్ని గట్టిపరుస్తుంది. సెషన్‌లో భయం తగ్గితే తగ్గిన పాఠం గట్టిపడుతుంది, తగ్గకుండా రెచ్చిపోతే ఆ భయమే గట్టిపడుతుంది. గాజు లిఫ్ట్ భయం ఎలుక భయానికి దగ్గర, కాబట్టి అక్కడ పనిచేసింది. యుద్ధంలో స్నేహితుణ్ని పోగొట్టుకున్న మనిషిలో ఉన్నది ఒట్టి భయమే అనుకోవడం దగ్గర లెక్క తప్పింది.

చెరిపేసే మందు సంగతి ఇంకా ముందుది. 2000లో కరీమ్ నాదర్, గ్లెన్ షాఫే, లెడూ కలిసి, పాత భయాన్ని గుర్తుచేసిన వెంటనే ఎలుక అమిగ్డలాలోకి ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కిస్తే ఆ భయం మళ్లీ కనబడలేదని చూపించారు. గుర్తుకొచ్చిన ప్రతి జ్ఞాపకాన్నీ మెదడు తిరిగి దాచుకోవాల్సి ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. ఎంతో అందమైన ప్రయోగం. కానీ ఆ మందు మనిషికి ఇవ్వదగ్గది కాదు. దాని బదులు బీపీకి వాడే ప్రోప్రనోలాల్‌తో చేసిన ప్రయత్నాలు ఒకచోట ఫలించాయి, ఇంకోచోట లేదు. పీటీఎస్‌డీకి అమెరికా ప్రభుత్వం అనుమతించిన మాత్రలు ఇప్పటికీ రెండే, సెర్ట్రలిన్, పారోక్సెటిన్. ఆ రెండూ డిప్రెషన్ మందులుగా వచ్చినవే, ఎలుకకు షాకిచ్చే పెట్టె దగ్గర పుట్టినవి కావు. ఒత్తిడి హార్మోన్ల వరసలో అన్నిటికన్నా పైనున్న సీఆర్‌ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకుంటే ఎలుకల బెదురు బ్రహ్మాండంగా తగ్గేది. అలాంటి మందునే పీటీఎస్‌డీ ఉన్న 128 మంది ఆడవాళ్లకు ఇచ్చి చూసిన ఫలితం 2017లో వచ్చింది. ఉత్త మాత్ర కన్నా మెరుగ్గా ఏమీ లేదు.

ఆడవాళ్లకు ఇచ్చారు అన్నాను కదా, అక్కడ ఆగాలి. పైన సర్వే ప్రకారం ఈ జబ్బు ఆడవాళ్లలో రెట్టింపు. ఎలుకల ల్యాబుల్లో చాలాకాలం వాడింది మాత్రం దాదాపు మగ ఎలుకల్నే. ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు మారతాయి, లెక్కలు చెదిరిపోతాయి అనేది సాకు. అమెరికాలో ప్రభుత్వ నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ 2016 నుంచి రెండు లింగాలనూ చూడాలని అడగడం మొదలుపెట్టాకే పరిస్థితి కాస్త కదిలింది. 2015లో రెబెకా శాన్స్కీ బృందం, అప్పటిదాకా అందరి కళ్ల ముందే ఉన్నదాన్ని పట్టుకుంది. శబ్దం వినగానే కొన్ని ఎలుకలు బిగుసుకుపోకుండా పెట్టెలో ఈ మూల నుంచి ఆ మూలకు రివ్వున దూసుకుపోతాయి. ఈ పని చేసేవాటిలో ఆడవే ఎక్కువ. కదలకుండా ఉన్న సెకన్లనే భయం అని లెక్కపెట్టిన అన్ని ఏళ్లూ, పరుగెత్తిన ఆడ ఎలుక "భయపడని ఎలుక" ఖాతాలోనే పడింది. భయాన్ని కొలిచే స్కేలునే మగ ఎలుక ఒంటి మీద గీశాం. మా ల్యాబ్ వీడియోల్లో అలా దూసుకెళ్లిన ఎలుకల పక్కన "సరిగా నేర్చుకోలేదు" అని రాసిన నోట్ నేను చూశాను.

కొలిచే మనిషి కూడా ఆ కొలతలో భాగమేనని 2014లో మాంట్రియల్ నుంచి వచ్చిన ఒక పేపర్ చెప్పింది. గదిలో మగ పరిశోధకుడు ఉన్నా, చివరికి మగవాడు వేసుకున్న టీషర్ట్ ఉన్నా ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి తక్కువగా చూపించాయి. మా యానిమల్ హౌస్‌లో పనిచేసే పెద్దాయనది మదనపల్లె వైపు. ఆ పేపర్ ఆయన చదవలేదు గానీ, పొద్దున్నే తలుపు దగ్గరే ఆపేసి "ఈపొద్దు సెంటు పూసుకున్నెట్లుండావే అమ్మా, లోపలికి పోగాకు, అవి బెదురుతాయి" అనేవాడు. ఏ ఎలుకది ఏ గుణమో ఆయనకు పంజరం నంబరుతో సహా తెలుసు. ఆయన చెప్పినవన్నీ ఎవరైనా ఒక నోటుబుక్కులో రాసి ఉంటే, కోలుకోని ఆ నాలుగో వంతును పట్టుకోవడం తేలికయ్యేదేమో.

బెంగళూరు మాట వచ్చింది కాబట్టి, ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం అక్కడిదే. నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో, రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు ఎలుకను కదలకుండా బంధించి ఉంచితే ఏమవుతుందో చూసింది. హిప్పోక్యాంపస్‌లో నరకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, అమిగ్డలాలో మాత్రం అవి పెరిగాయి. ఒత్తిడి మెదడంతటినీ ఒకేలా అరగదీస్తుందన్న అభిప్రాయం అక్కడ దెబ్బతింది. 2005లో ఇంకో అడుగు వేశారు. ఒకే ఒక్కసారి, రెండు గంటలు. మర్నాడు చూస్తే అమిగ్డలాలో తేడా లేదు, ఎలుక నడతలోనూ లేదు. ఏమీ కాలేదనుకుని అక్కడితో వదిలేయొచ్చు. వాళ్లు పది రోజులు ఆగి చూశారు. అప్పుడు అమిగ్డలా కణాల మీద, వేరే కణాలతో కలిసే చోట, కొత్త ముళ్లు మొలిచి ఉన్నాయి, ఎలుకలో బెదురు కూడా పెరిగింది.

ఈ పది రోజుల నిరీక్షణలో పీటీఎస్‌డీ గురించి ఉన్నంత సత్తా వంద ఫ్రీజింగ్ గ్రాఫుల్లో లేదని నా అభిప్రాయం. మనుషుల్లో ఈ జబ్బు సంఘటన జరిగిన రాత్రి మొదలవదు. నెల దాటితే గానీ ఆ పేరే పెట్టరు. మధ్యలో ఉన్న ఆ కాలంలో ఏదో ముదురుతోంది అన్నమాట, అంటే అడ్డుపడటానికి కొంత వ్యవధి ఉందన్నమాట. ఆ మార్పుల్ని ఎలా ఆపొచ్చో కూడా ఆ ల్యాబే వెతికింది. 2012లో వచ్చిన పేపర్ ప్రకారం, బంధించే ముందే ఎలుకలకు తాగే నీళ్లలో కార్టికోస్టెరోన్ అనే ఒత్తిడి హార్మోన్ కలిపి ఇస్తే, పది రోజుల తర్వాత కనబడాల్సిన ఆ మార్పులు రాలేదు. ఒత్తిడి హార్మోన్ అంటే ఒంటికి హానే అని అందరం అనుకుంటాం కదా, ఇక్కడ అదే కాపాడింది. ఈ చిక్కుముడి మనుషుల్లోనూ ఉంది. పీటీఎస్‌డీ రోగుల్లో, మనుషుల ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ ఎక్కువ ఉండాల్సింది పోయి తక్కువ ఉందని అమెరికా పరిశోధకురాలు రేచల్ యెహూదా చాలా ముందే చూపించారు. మ్యూనిక్‌లో గుస్తావ్ షెల్లింగ్ బృందం, ఐసీయూలో సెప్టిక్ షాక్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే స్థితితో) చావు అంచు దాకా వెళ్లొచ్చినవాళ్లలో, కార్టిసాల్‌కే మందు రూపమైన హైడ్రోకార్టిసోన్ అందుకున్నవాళ్లకు తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా ఉన్నాయని గమనించింది. ఒకవైపు వార్డు నుంచి, ఇంకోవైపు పంజరం నుంచి మొదలైన లెక్కలు ఇక్కడ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి.

దీనికి తిరగబడ్డ వైపు మన ఇళ్లలో రోజూ జరిగేది. ఎవరైనా పోయినప్పుడో, పెద్ద ఆక్సిడెంట్ అయినప్పుడో "పాపం, నిద్రకు ఒక ఇంజెక్షన్ ఇప్పించండి" అంటారు. కోహెన్, జోసెఫ్ జోహర్ కలిసి పిల్లి వాసన చూసిన ఎలుకలకు వెంటనే, ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే ఆల్ప్రాజోలామ్ ఇచ్చి చూశారు. ఆ పూటకు శాంతించిన ఎలుకలు తర్వాత ఇంకో ఒత్తిడి ఎదురైనప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ మందు, ఒంట్లో సహజంగా పెరగాల్సిన ఒత్తిడి హార్మోన్ స్పందనకు అడ్డుపడింది. మనుషుల మార్గదర్శకాలు కూడా పీటీఎస్‌డీకి ఈ వర్గం మందులు వద్దనే చెబుతున్నాయి. ఎలుకలకూ మనకూ పోలిక లేదని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతిని ఎటు సర్దుతారో తెలియదు.

పోలిక లేనిచోట లేదని చెప్పడానికి కూడా నాకు అభ్యంతరం లేదు. ఉప్పెనలో బిడ్డ చెయ్యి జారిపోయిన తల్లి మనసులో ఏళ్ల తరబడి తిరిగేది నీటి భయం ఒక్కటే అయి ఉండదు. "నేను వదిలేశాను" అన్నది అందులో ఉంటుంది. అత్యాచారానికి గురైన అమ్మాయి భయంతో పాటు ఇంట్లోవాళ్ల మౌనాన్నీ ఊరి మాటల్నీ మోస్తుంది. తప్పు చేశానన్న భావన, సిగ్గు, లోకం మీద నమ్మకం పోవడం, ఇవన్నీ 2013 నుంచి ఈ జబ్బు లక్షణాల జాబితాలోనే ఉన్నాయి. పంజరంలో వీటికి కొలత లేదు. ఎలుకకు పీడకల వచ్చిందో లేదో దాన్ని అడగలేం.

ఇక్కడ పరిశోధకులు ఎక్కువగా మాట్లాడుకోని ఇరకాటం ఒకటుంది. లెడూ 2014 నుంచి గట్టిగా చెబుతున్నాడు, ఎలుక బిగుసుకుపోవడం ప్రాణం కాపాడుకునే ప్రతిచర్య, మనకు తెలిసి కలిగే భయం అన్న అనుభవం దాని కన్నా వేరు, ఈ రెండింటినీ కలిపేసినందువల్లే మందులు తప్పుతున్నాయి అని. సరే, ఎలుకకు మనలాంటి భయం లేదనుకుందాం. అప్పుడు దాన్ని హింసించామన్న బాధ కొంత తగ్గుతుంది, దాంతోపాటే మన జబ్బుకు అది నమూనా అన్న మాటా బలహీనపడుతుంది. కాదు, దానికీ మనలాగే భయం ఉంది, వారాల తరబడి అది దాన్ని తినేస్తుంది అనుకుంటే నమూనా బలపడుతుంది, చేసిన పని మరీ బరువెక్కుతుంది. నమూనా ఎంత నిజమైతే హింస అంత నిజం. గ్రాంటు అడిగేటప్పుడు ఒక మాట, ఎథిక్స్ కమిటీ ముందు ఇంకో మాట చెప్పడం కుదరదు. చెవులకు వినపడకపోయినా షాక్ తిన్న ఎలుక 22 కిలోహెర్ట్జ్ దగ్గర అరుస్తుంది. ప్రత్యేకమైన మైక్ పెట్టి ఆ శబ్దాన్ని కిందికి దించి వినిపిస్తే, దానికి భయం లేదని నేనైతే అనలేను.

మన దేశంలో ఈ పనికి నియమాలు లేకపోలేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ఒక జాతీయ కమిటీ, ప్రతి సంస్థలో ఒక ఎథిక్స్ కమిటీ ఉంటాయి. అందులో బయటివాళ్లు, శాస్త్రవేత్త కాని సభ్యులు కూడా కూర్చుంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకల రకానికి ఆ సంస్థ పేరే కలిసి ఉంది, ల్యాబ్ జంతువుల విషయంలో హైదరాబాద్‌కు దేశంలో పెద్ద స్థానమే ఉంది. ఫారంలో ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, నొప్పి ఎలా తగ్గిస్తారు అని అడుగుతారు. మంచిదే. కానీ శీర్షికలో రాసిన జబ్బుకూ లోపల కొలవబోయే సెకన్లకూ సంబంధం ఏమిటని గట్టిగా నిలదీసినవాళ్లను నేను చూడలేదు.

నన్ను అడిగితే, మగ ఎలుకలే, ఒక రోజు షాక్, మర్నాడు ఫ్రీజింగ్, ఆపై సగటు అని రాసుకొచ్చిన ప్రాజెక్టును "భయం నేర్చుకోవడంపై అధ్యయనం" అని పేరు మార్చి తెమ్మని వెనక్కి పంపిస్తాను. పది రోజులు, ముప్ఫై రోజులు ఆగి చూస్తామని, ఆడ ఎలుకల పరుగునూ లెక్కలోకి తీసుకుంటామని, కోలుకోనివాటిని విడిగా చూస్తామని రాసినవాళ్లకు అడిగినన్ని ఎలుకలు ఇస్తాను, పీటీఎస్‌డీ అన్న మాట కూడా వాడుకోనిస్తాను. పేరు మార్చుకోవడానికి ఖర్చేమీ కాదు. ఒక్క చిక్కల్లా, "భయం నేర్చుకోవడం" అని రాస్తే గ్రాంటు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఆ సంగతి శీర్షిక పెట్టే ప్రొఫెసర్‌కూ తెలుసు, డబ్బిచ్చేవాళ్లకూ తెలుసు.